విడిది

గుడారం మాది కాదు.
జిప్పు పాడయిందని ఇచ్చి వెళ్ళిన కుర్రాడు
ఏడు నెలలైనా తిరిగి రాలేదు.
కార్లకు సీటు కవర్లు కుట్టుకునేదాన్ని నేను,
వేళచ్చేరి వంతెన పక్కన నా మిషను.
జిప్పు మార్చాను. మూడు చిరుగులు మూశాను.
మూసిన చోట వాన ఆగుతుందో లేదో
వేసి చూడందే ఎలా తెలుస్తుందని
భువన ఒకటే పట్టు.

పళ్ళికరణై చిత్తడి పార్కు ఆరింటికి మూసేస్తారు.
కాపలా ముత్తుకరుప్పన్‌కి ఒకసారి
మోపెడ్ సీటు కుట్టిచ్చి డబ్బులు తీసుకోలేదు.
ఆ మాట నేను ఎత్తలేదు,
ఆయనే ఎత్తాడు.
"టికెట్టు గది వెనక వేసుకోండి, తెల్లారేలోపు లేచిపోవాలి,"
అన్నాడు తమిళంలో,
"పాము కనబడితే అరవొద్దమ్మా. ఇల్లు దానిది."

గుడారం లేపడం మాకేం తెలుసు!
ఒక పక్క నిలబెడితే ఇంకో పక్క కూలబడుతుంది,
బడికి పోనని మొరాయించే పిల్లాడిలా.
మేకు దిగుతుంది గానీ నిలవదు,
అంబలిలో గరిటె నిలబెట్టినట్టు.
చివరికి నాలుగు మూలలా నాలుగు ఇటుకలు,
ఏ మేడ కట్టగా మిగిలినవో.

చీకటి పడింది. దోమలు
పెళ్ళివారిలా దిగాయి.
గాలి పెరుంగుడి వైపు నుంచి తిరిగినప్పుడల్లా
ఊరు పారేసినదంతా ముక్కుకి తగులుతుంది,
మళ్ళీ తిరిగితే తుంగ వాసన, పచ్చి జమ్ము వాసన.
ఎక్కడో బుడుబుంగ ఒకటి మునిగింది,
ఎక్కడ తేలిందో తెలియలేదు.
పులిహోర పొట్లాలు విప్పాం.

అవతల కంప్యూటర్ కంపెనీల మేడలు,
రాత్రి షిఫ్టు దీపాలతో నీళ్ళలో తలకిందులుగా.
ఒక అద్దాల లిఫ్టు పైకి పోతుంటే
నీళ్ళలో అదే లిఫ్టు
అడుక్కి, ఇంకా అడుక్కి దిగిపోతోంది.
"ఎన్నో అంతస్తులో ఆగుతుందమ్మా అది?" అంది భువన.
నేను జవాబు చెప్పలేదు.

దానికప్పుడు నాలుగేళ్ళు.
ఆ డిసెంబరు రాత్రి నీళ్ళు
తలుపు కింద నుంచి, చాప పరిచినట్టు వచ్చాయి.
ముందు చెప్పులు తేల్చాయి.
పెద్దలకి మొక్కినట్టు మంచం కాళ్ళు పట్టుకున్నాయి.
తర్వాత మర్యాదేమీ లేదు.
నా మిషనెక్కి కూర్చున్నాయి,
బియ్యం డబ్బా మూత తీశాయి,
ఐదు రోజులు విడిది చేసి
పోతూ పోతూ గోడ మీద నా భుజం ఎత్తున గీత గీసిపోయాయి.
మూడుసార్లు సున్నం కొట్టించాను. పైకి వస్తూనే ఉంది.
అడగా పెట్టా లేకుండా వచ్చిందని
ఎన్నేళ్ళు తిట్టుకున్నానో ఆ నీటిని.
ఇల్లుగలాయన ఒకనాడు కాఫీ తాగుతూ అన్నాడు:
మా వీధి పాత కాగితాల్లో ఇప్పటికీ 'ఏరి' అనే ఉందట.

రెండింటికి చినుకులు.
టార్చి వేసి చూశాను. ఒకటో కుట్టు ఆగింది,
రెండోది ఆగింది, మూడోది కూడా.
మెచ్చుకుంటూ పడుకున్నానో లేదో
వీపు చల్లబడింది.
పైనుంచి కాదు,
కింద నుంచి.
నేను చూసుకోని చోటి నుంచి, చప్పుడు లేకుండా.
భువన ఒళ్ళెరగని నిద్ర.
దుప్పటి మడిచి దాని కింద తోశాను, నేను లేవలేదు.
చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడు
వాళ్ళు వేసిన పక్క మీదే కదా పడుకోవాలి.

తెల్లవారుజామున నీలి బొల్లికోడి ఒకటి
ఎర్రకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ
గుడారం చుట్టూ తిరిగింది,
అద్దె బాకీ పడ్డవాళ్ళని చూసినట్టు చూసింది.
ముత్తుకరుప్పన్ లాఠీతో ఇటుక మీద కొట్టాడు.

గుడారం తీస్తే కింద
నలుచదరంగా నలిగిన గడ్డి.
భువన కాలితో లేపి చూసింది, లేవలేదు.
"పోదాం పదమ్మా" అన్నాను.

పదిన్నరకి కొట్టు తెరిచి
వంతెన కమ్మీకి గుడారం ఆరేశాను.
ఆ కుర్రాడు ఎప్పుడైనా వస్తే చెప్పాలి:
జిప్పు బాగానే ఉంది బాబూ, పైన చుక్క దిగదు.
అడుగు మాత్రం
నా సూదికి లొంగేది కాదు.